గువామ్ పోస్టింగ్: ఎండ కాదు, చెమ్మతోనే తంటా

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా ఆయన అమెరికా ఎయిర్‌ఫోర్స్‌ల పనిచేస్తరు. పసిఫిక్ సముద్రంల అమెరికా కింద ఉన్న గువామ్ దీవిల ఆండర్సన్ బేస్‌కు వేసిండ్రు. నేను, బాబు వెంట పోతున్నం. ఏమేం సర్దుకోవాలె?

జవాబు: సామాను కంటే ముందు పేర్లు సర్దుకోండి. బేస్‌ల మీకు గుర్తింపు కార్డు రావాలంటే డీర్స్‌ల, అంటే మిలిటరీ కుటుంబాల రిజిస్టర్ల, పేరెక్కాలె. దానికి పెండ్లి సర్టిఫికెట్, బాబు పుట్టిన సర్టిఫికెట్, పాస్‌పోర్టులు అన్నీ అసలువే అడుగుతరు. తెలుగుల ఉన్న కాగితానికి ఇంగ్లిష్ తర్జుమా చేయించి పెట్టుకోండి. పాస్‌పోర్టుల ఇంటిపేరు గడి ఖాళీగ ఉంటే వీసాల మీ పేరంతా ఇంటిపేరు కిందికి పోతది, అసలు పేరు జాగల ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెల్వదు) అని పడుతది. ఒక కాగితంల ఒక తీరు, ఇంకోదాంట్ల ఇంకో తీరు ఉంటే కార్డు దగ్గర్నే ఆగిపోతది. గేటు దాటాలన్నా, కమిసరీల (బేస్‌లోని కిరాణా దుకాణంల) సరుకులు కొనాలన్నా, దవాఖానకు పోవాలన్నా ఆ కార్డే దిక్కు. ఆయన బదిలీ ఆర్డర్స్‌ల మీ ఇద్దరి పేర్లు పడ్డయా లేదా చూసినంకనే టికెట్ మాట ఎత్తండి.

ఇగ ఇల్లు. నల్లగొండ ఎండ చూసినోళ్లకు గువామ్ ఎండ లెక్కనే కాదు, 30, 31 డిగ్రీలు దాటుడు తక్కువ. గాలిల తేమే అసలు శత్రువు. మనోళ్లు చేసే మొదటి తప్పు, బయటికి పోతూ ఏసీ బంద్ చేసి కిటికీలు తెరిచిపెట్టుడు. వారం తిరక్కముందే చెప్పులకు, పుస్తకాలకు, కర్ర పీటలకు బూజు పడుతది. రెండో తప్పు దీనికి ఉల్టా: 20 డిగ్రీలకు తిప్పి ఇంటిని ఐస్‌గడ్డ చేసుడు. అప్పుడు చల్లటి గోడల మీద నీళ్లు పట్టి అక్కడా బూజే. 24, 25 దగ్గర పెట్టి వదిలేయండి. ఫ్యాన్ బటన్ ‘ఆటో’ మీదనే ఉండాలె. ‘ఆన్’ల పెడితే ఏసీ లోపటి చల్లటి కాయిల్ మీద పట్టిన నీళ్లను మళ్ల ఇంట్లకే ఊదుతది. తేమ కొలిచే చిన్న మీటరొకటి కొనుక్కోండి. 60 శాతం దాటిందంటే డీహ్యూమిడిఫైయర్ వేయాలె, దాని డబ్బా నిండంగనే పారబోయాలె, నిండితే మిషిన్ దానంతటదే ఆగిపోతది.

గద్వాల, పోచంపల్లి పట్టుచీరలు ప్లాస్టిక్ కవర్లల్ల పెట్టకండి, తేమ లోపట్నే ఉండిపోతది. పాత నూలు బట్టల చుట్టి, నెలకోసారి మడత మార్చండి. ఉప్పుగాలికి జరీ నల్లబడుతది. మూడు నాలుగు చాలు, మిగిలినవి అమ్మ దగ్గర్నే ఉంచండి.

పప్పులు, రవ్వ తెచ్చినంక నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్ల పెట్టండి, పురుగు గుడ్లు సస్తయి. బయటికి తీసినంక ప్యాకెట్ మామూలు వేడికి వచ్చేదాకా విప్పొద్దు. చల్లటి పప్పు మీద గాలిల తేమ పట్టి మెత్తబడుతది. జొన్నపిండి ఎప్పటికీ ఫ్రీజర్లనే. తొక్కు ఫ్రిజ్‌ల పెట్టి, పొడి చెంచాతోనే తీయాలె. కరివేపాకు, పచ్చి కూరలు, విత్తనాలు ఊరినుంచి మోసుకపోకండి, క్వారంటైన్ వాళ్లు గుంజుకుంటరు. మునగాకు, బెండ, కాకర, వంకాయ శని, ఆదివారాలు పొద్దుగాల గువామ్‌లనే ఉన్న దెదెదో ఊరి సంతల దొరుకుతయి. కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. ఇక్కడి మిక్సీ అక్కడ నడవది, 110–120 వోల్టుల మిక్సీ కొనుక్కోండి.

తుఫాను హెచ్చరికలు సీఓఆర్ (ఎంత తయారుగ ఉండాలనే) నంబర్లల్ల ఇస్తరు. 4 అంటే 72 గంటల్ల పెద్ద గాలులు రావొచ్చని. మామూలు రోజుల్ల గూడ అదే ఉంటది, బెదరకండి. 3 అంటే 48 గంటలు, 2 అంటే 24, 1 అంటే 12. నంబర్ మూడుకు వచ్చిన రోజే పెట్రోలు, నీళ్లు చూసుకోవాలె, రెండుకు వస్తే లైన్లే లైన్లు. మనిషికి రోజుకు గ్యాలన్ నీళ్ల లెక్కన ముగ్గురికి రెండు వారాలకు 42 గ్యాలన్లు, అంటే 160 లీటర్ల దాకా. 2023 మే 24న మావర్ తుఫాను వచ్చినప్పుడు మస్తు చోట్ల వారాల తరబడి కరెంటు, నీళ్లు లేవు. అటుకులు, పుట్నాలు, పల్లీలు, చింతపండు, ఉల్లిగడ్డలు ఉంచుకుంటే పొయ్యి ముట్టించకుంటనే అటుకుల్ల పచ్చిపులుసు పోసుకొని తినొచ్చు. బొగ్గుల పొయ్యి, జనరేటర్ ఇంట్ల అసలే పెట్టొద్దు, పొగల విషవాయువు ప్రాణం తీస్తది.

బాబుకు స్కూల్ల టీబీ పరీక్ష అడిగితే బీసీజీ సూది వేయించినమని ముందే చెప్పండి. చర్మం మీద చేసే పరీక్ష అట్లాంటి పిల్లలకు ఉట్టిగనే పాజిటివ్ చూపొచ్చు. రక్తపరీక్ష అడగండి.

అత్తమ్మ, మామ రావాలంటే అమెరికా వీసానే కావాలె, గువామ్‌కున్న వీసా లేని సౌకర్యం మన పాస్‌పోర్టుకు వర్తించదు. బేస్‌లకు రావడానికి అనుమతి వేరే. టికెట్ల కంటే ముందే దరఖాస్తు పెట్టండి. కమిసరీల కొన్న సరుకు బయటి దోస్తులకు అమ్ముడు, ఇచ్చుడు కుదరదు. చీరల వ్యాపారం ఇంట్లకెల్లి చేయాలన్నా రాతపూర్వకంగ అనుమతి ఉండాలె. విమానాల ఫొటోలు, ఆయన ఎప్పుడు ఎటు పోతున్నడనేది చుట్టాల వాట్సాప్ గ్రూపుల పెట్టొద్దు.

అక్కడి గడియారం మనకంటే నాలుగున్నర గంటలు ముందు. మిర్యాలగూడల రాత్రి ఎనిమిదంటే మీకు అర్ధరాత్రి పన్నెండున్నర. మీ సాయంత్రం ఐదింటికి ఫోన్ చేస్తే అమ్మకు పగటి పన్నెండున్నర అయితది.