అమ్మకు కీళ్లవాతం: రోజూ ఏమి రాసిపెట్టాలి?

మీ అమ్మగారికి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం అని తేలిందనీ, రోజూ ఎలా ఉందో రాసుకురమ్మని డాక్టరు చెప్పారనీ, ఏమి రాయాలో తెలియడం లేదనీ అడిగారు. నాకు ఈ జబ్బు వచ్చి ఆరేళ్లయింది. నాలుగేళ్లుగా రాస్తున్నాను.

మొదట లావుపాటి డైరీ ఒకటి కొన్నాను. వేళ్లు వాచిన రోజున పెన్ను పట్టుకోవడమే గగనం కదా, తప్పక రాయవలసిన రోజులే ఖాళీగా మిగిలిపోయాయి. అందుకని వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండరుకు మారాను. తేదీ గడిలో మిగిలిన ఆ కాస్త చోటులో రెండు సమయాలు రాస్తాను: నిద్ర లేచింది ఎప్పుడు, పిడికిలి పూర్తిగా బిగించగలిగింది ఎప్పుడు. 5:30, 7:10. అంటే ఆ రోజు గంటా నలభై నిమిషాలు కీళ్లు పట్టేసి ఉన్నాయన్నమాట. ఈ జబ్బులో పొద్దుటి బిగుతు ఎంతసేపు ఉందన్నది డాక్టర్లు తప్పకుండా అడుగుతారు. నొప్పికి 0 నుంచి 10 లోపు ఒక అంకె. అంతే, ఇంకేమీ అక్కర్లేదు.

అంతకుముందు మూడు నెలలకోసారి వెళ్లినప్పుడు "ఎలా ఉంది?" అంటే "పర్వాలేదండీ" అనేదాన్ని. ఆ పూటకు నిజంగానే బాగుండేది. క్యాలెండరు కాగితాలు మూడూ బల్ల మీద పరిచిన రోజున, బిగుతు గంట దాటిన రోజులు నలభైకి పైనే లెక్క తేలాయి. అప్పుడే మందు మోతాదు మార్చారు.

మా ఇంట్లో వంకాయ, దుంపకూరలు వాతమని మాన్పించారు. నేను మళ్లీ మొదలుపెట్టి, తిన్న ప్రతి రోజూ గడిలో "వం" అని రాశాను. రెండు నెలలు చూసినా, నా వరకు వాటికీ నొప్పికీ పొంతన కుదరలేదు. దుప్పట్లు ఉతికి పిండిన మర్నాడు మాత్రం మణికట్టు వాచేది. ఆ పని మానేశాను.

అమ్మగారికి మెథోట్రెక్సేట్ ఇచ్చి ఉంటే, ఆ మాత్ర వేసుకునే రోజు చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టండి. కీళ్లవాతానికి అది వారానికి ఒక్క రోజే వాడే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. రక్తపరీక్షల తేదీలు కూడా అక్కడే రాసిపెట్టండి.

ఆమె రాయలేని రోజున మీరే అడిగి రాయండి. "నొప్పిగా ఉందా?" అంటే నేనూ మా పిల్లలకు లేదనే చెప్పేదాన్ని. "ఈ రోజు పిడికిలి ఎన్నింటికి బిగించగలిగావమ్మా?" అని అడగండి.