ఇంటి నంబరు తేదీగా ఎందుకు మారింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు హైస్కూల్ పిల్లలకి ఎక్సెల్ నేర్పడం గురించే ఉన్నాయి, అందుకని వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నా.

ప్రశ్న: సర్కారు హైస్కూల్లో లెక్కలు చెప్తాను సార్. ల్యాబ్‌లో నడిచే కంప్యూటర్లు 6, ఎనిమిదో తరగతి పిల్లలు 44 మంది, వారానికి ఒకటే పీరియడ్. రంగులు, బార్డర్లు చక్కగా పెడ్తారు కానీ టోటల్ దగ్గరికొచ్చేసరికి పక్కన కాగితం మీద కూడేసి ఆ నంబర్ టైప్ చేసేస్తున్నారు. ఫార్ములా ఎందుకో వాళ్లకి ఎక్కట్లేదు.
- ఒక టీచర్, ఉప్పల్

జవాబు: మేడమ్, మొదటి రెండు పీరియడ్లు అసలు ల్యాబ్‌కే తీసుకెళ్లకండి. మీ క్లాస్‌రూమే షీట్ అనుకోండి. నిలువు వరసలకి ఏ, బి, సి అని పేర్లు, ముందు నుంచి వెనక్కి 1, 2, 3. "బి3 లేచి నిలబడు" అంటే ఎవరు లేవాలో పిల్లలకి రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఇప్పుడు ఏ వరస వాళ్లు తమకిష్టమైన నంబర్ ఒకటి కాగితం మీద పెద్దగా రాసి పట్టుకోవాలి. బి వరస వాళ్లందరికీ ఒకటే చీటీ ఇవ్వండి, "నా ఎడమ పక్కన ఉన్నవాళ్ల నంబర్‌ని బోర్డు మీద ఉన్న నంబర్‌తో గుణించాలి" అని. బోర్డు మీద 5 రాయండి. అందరూ చేశాక ఏ2 పిల్లాడిని తన నంబర్ మార్చమనండి, బి2 ఒక్కరే తమ జవాబు కొట్టేసి మళ్లీ రాసుకోవాల్సొస్తుంది. తర్వాత మీరు బోర్డు మీద 5 చెరిపేసి 8 రాయండి, బి వరస మొత్తం గోల గోలగా మార్చుకుంటుంది.

ఫార్ములా అంటే ఇంతే కదా, అందులో ఉండేది నంబర్ కాదు, నంబర్ ఎక్కడుందో ఆ అడ్రస్. పైగా చీటీ ఒకటే అయినా ఒక్కొక్కరి "ఎడమ పక్క" వేరు, బోర్డు మాత్రం అందరికీ ఒకటే. తర్వాత ల్యాబ్‌లో, ఫార్ములాలో అడ్రస్‌కి పెట్టే డాలర్ గుర్తు చెప్పాల్సొచ్చినప్పుడు "ఇది బోర్డు లాంటిది, ఫార్ములాని ఎంత కిందికి లాగినా అక్కడికే చూస్తుంది" అనండి, చాలు. నేను చాలా ఏళ్లు ఈ డాలర్ గుర్తుని డెఫినిషన్‌తో మొదలుపెట్టి చెప్పాను, ఒక్కరికీ గుర్తుండలేదు.

స్ప్రెడ్‌షీట్, అంటే ఎక్సెల్ లాంటి గళ్ల షీట్, పుట్టింది కూడా క్లాస్‌రూమ్‌లోనే తెలుసా. 1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో డాన్ బ్రిక్లిన్ అనే స్టూడెంట్, బోర్డు మీద ఒక నంబర్ మారిస్తే దాని మీద ఆధారపడ్డ గళ్లన్నీ వరసగా చెరిపి మళ్లీ రాయాల్సి రావడం చూసి, ఈ పని మిషనే చేస్తే ఎలా ఉంటుంది అనుకున్నాడు, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం విసిక్యాల్క్ అనే ప్రోగ్రామ్ తెచ్చాడు. ఈ కథ మీ పిల్లలకి తప్పకుండా చెప్పండి, బి వరసలో చెరిపి చెరిపి రాసుకున్నవాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

మూడో పీరియడ్ నుంచి 6 కంప్యూటర్లకి 44 మంది అంటే 7, 8 మంది ఒక గ్రూప్. వీళ్లకి ఇచ్చే పని సొంతంగా తెలుసుకోవాలనిపించేలా ఉండాలి, లేకపోతే కీబోర్డ్ దగ్గరున్న ఒక్కడే చేస్తాడు. నాకు బాగా పనికొచ్చింది కరెంట్ మీటర్. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో అర్హత ఉన్న ఇళ్లకి 200 యూనిట్ల వరకు జీరో బిల్లు కదా, 2024 మార్చి నుంచి. అందుకే మన ఊళ్లో నెలాఖరుకి చాలా ఇళ్లల్లో వినపడే మాట "200 దాటుతుందా?" అనే. రోజూ ఒకే టైమ్‌కి రీడింగ్ రాసుకురమ్మనండి. ఏలో తేదీ, బిలో రీడింగ్, సిలో ఇవాళ్టి రీడింగ్‌లోంచి నిన్నటిది తీసేయడం, అంటే సి3లో బి3 మైనస్ బి2, అక్కణ్నుంచి కిందికి లాగడమే. పది రోజులయ్యాక సి వరస సగటు తీసి 30తో గుణిస్తే నెల అంచనా వస్తుంది. పది రోజుల్లో 64 యూనిట్లు కాలితే నెలకి 192, గట్టెక్కినట్టే. 71 కాలితే 213. అప్పుడు వాళ్లే అడుగుతారు మేడమ్, ఆదివారం ఎందుకు ఎక్కువొచ్చింది, ఇస్త్రీ పెట్టె వల్లనా, మోటార్ వల్లనా అని.

ఒక్క జాగ్రత్త. అద్దె పోర్షన్లలో చాలామందికి సొంత మీటర్ ఉండదు, ఇంటి ఓనర్‌ని రోజూ అడగాలంటే పిల్లలకి మొహమాటం. మీ క్లాసులో అలాంటివాళ్లు ఉంటారనిపిస్తే ఎవరని అడగొద్దు, మొదటి నుంచే అందరికీ స్కూల్ మీటరే తీసుకోండి, గ్రూపులు వంతులవారీగా రీడింగ్ తీస్తే సరిపోతుంది.

మార్కులు వేసేటప్పుడు ప్రింటవుట్ చూడకండి. పిల్లల పక్కన కూర్చుని ఒక రీడింగ్ మార్చండి, కింద అంచనా దానంతటదే మారితే ఫార్ములా రాసినట్టు, మారకపోతే టైప్ చేసినట్టు. ఈ పరీక్ష ఉంటుందని ముందే చెప్పేయండి, అంతా దీన్ని బట్టే నేర్చుకుంటారు.

ప్రశ్న: సార్, మా గల్లీలో ఇళ్ల నంబర్లు షీట్‌లో ఎక్కిస్తుంటే 3-4-12 అని కొట్టగానే తేదీ అయిపోయింది. కానీ 3-6-140 మాత్రం అలాగే ఉంది. ఫార్మాట్ టెక్స్ట్‌కి మారిస్తే 41002 అని వచ్చింది. నేనేం తప్పు చేశాను?
- ఎనిమిదో తరగతి విద్యార్థి, ముషీరాబాద్

జవాబు: నువ్వు తప్పేం చేయలేదు నాన్నా, చాలా మంచి ప్రశ్న అడిగావు. ఎక్సెల్‌కి మన హైదరాబాద్ ఇళ్ల నంబర్ల సంగతి తెలీదు. 3-4-12 చూడగానే 2012 ఏప్రిల్ 3 అనుకుంది, 140 మాత్రం దాని లెక్కలో సంవత్సరం కాదు కాబట్టి వదిలేసింది. లోపల తేదీలన్నీ 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని లెక్కేసిన రోజుల నంబర్లే, 2012 ఏప్రిల్ 3 అంటే 41002. నువ్వు ఫార్మాట్ మార్చేసరికే అసలు ఇంటి నంబర్ పోయింది, మళ్లీ టైప్ చేయాల్సిందే. ఈసారి ముందు ఆ కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి టెక్స్ట్ అని పెట్టి ఆ తర్వాత కొట్టు. ల్యాండ్‌లైన్ నంబర్లకీ ఇంతే, 040 కొడితే ముందున్న సున్నా మింగేసి 40 చేస్తుంది.

సైంటిస్టులకీ ఇదే ఇబ్బంది వచ్చింది తెలుసా, సెప్ట్1, మార్చ్1 అనే జీన్ల పేర్లు ఎక్సెల్‌లో తేదీలైపోతుంటే చివరికి 2020లో ఆ పేర్లే సెప్టిన్1, మార్చ్ఎఫ్1 అని మార్చుకున్నారు.

సార్ట్ చేసేటప్పుడు కూడా చూసుకో, ఒక్క కాలమ్ సెలెక్ట్ చేసి సార్ట్ కొడితే పక్కవి కూడా కలపమంటావా అని అడుగుతుంది, కలపమనే చెప్పాలి. నేను ఒక స్కూల్లో పనిచేసినప్పుడు వద్దని నొక్కాను, మార్కులు మాత్రమే కదిలి పేర్లు అక్కడే ఉండిపోయాయి, ఒకళ్ల మార్కులు ఇంకొకళ్లకి పడ్డాయి. ప్రోగ్రెస్ కార్డులు ఇంటికెళ్లాక ఒక పాప ఏడుస్తూ వస్తే గానీ నాకు తెలీలేదు. ఆ పాప ముఖం ఇప్పటికీ గుర్తుంది.

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. అన్నీ ఏఐ చేసేస్తుంటే ఎక్సెల్ నేర్చుకుని ఏం లాభం అంటున్నాడు. ఏం చెప్పాలో తెలీట్లేదండీ.
- ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, చేసిపెట్టేది ఏదైనా సరే, అది సరిగ్గా చేసిందో లేదో చూడ్డానికి మీ బాబుకి తెలిసుండాలి కదా. అమెరికాలో రీన్‌హార్ట్, రోగాఫ్ అని పేరున్న ఆర్థికవేత్తలు 2010లో దేశాల అప్పుల మీద ఒక పేపర్ రాశారు, చాలా ప్రభుత్వాల్లో దాని గురించి చర్చ జరిగింది. 2013లో అమెరికాలోనే మాసచుసెట్స్ యూనివర్సిటీ స్టూడెంట్ థామస్ హెర్న్‌డన్, క్లాస్ అసైన్‌మెంట్ కోసం ఆ లెక్క మళ్లీ చేస్తుంటే కుదర్లేదు. వాళ్ల షీట్ తెప్పించుకుని చూస్తే సగటు ఫార్ములా చివరి వరస దాకా వెళ్లలేదు, 20 దేశాల్లో 5 దేశాలు బయటే ఉండిపోయాయి. పేపర్ మీద వేరే అభ్యంతరాలు కూడా వచ్చాయనుకోండి, కానీ ఈ తప్పు మాత్రం ఫార్ములా మీద క్లిక్ చేసి చూడ్డం వచ్చిన ఎవరైనా పట్టుకోగలరు. ఇది మీ బాబుకి చెప్పి, మీ ఇంటి ఖర్చుల షీట్ ఒకటి ఏఐతోనే చేయించమనండి, తర్వాత మీరు పాల బిల్లు మార్చి టోటల్ మారిందో లేదో ఇద్దరూ కలిసి చూడండి.

ప్రశ్న: ఇంట్లో కంప్యూటర్ లేదు, ఫోన్‌లో నేర్చుకోవచ్చా?
- పదో తరగతి విద్యార్థిని, మౌలాలి

జవాబు: నేర్చుకోవచ్చమ్మా. గూగుల్ షీట్స్ యాప్ ఉచితం, సమ్, యావరేజ్, ఇఫ్ అన్నీ ఎక్సెల్‌లో లాగే రాస్తారు. చిన్న స్క్రీన్ కాబట్టి ముందు గళ్ల నోట్‌బుక్‌లో ఏ కాలమ్‌లో ఏముండాలో గీసుకుని తర్వాత ఫోన్‌లో ఎక్కించు. స్కూల్ కంప్యూటర్లో ఎక్సెల్ లేకపోతే లిబ్రేఆఫీస్ వేయమని మీ సార్‌ని అడుగు, దానికి డబ్బు కట్టక్కర్లేదు, ఫోన్‌లో చేసిన షీట్‌ని ఎక్సెల్ ఫైల్‌గా డౌన్‌లోడ్ చేసుకుంటే అందులోనూ తెరుచుకుంటుంది.