ప్రతి ఆదివారం అనాథాశ్రమానికి వెళ్తానంటున్న తొమ్మిదో తరగతి అమ్మాయిని పంపొచ్చా?

మీ అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది, నలుగురు స్నేహితురాళ్లతో కలిసి ప్రతి ఆదివారం దగ్గర్లోని అనాథాశ్రమానికి వెళ్లి చిన్నపిల్లలకు చదువు చెప్తానంటోంది, పంపొచ్చా, దాని చదువు దెబ్బతినదా, అసలు ఈ వయసు పిల్లలు అక్కడ ఏం చేయగలరు అని అడిగారు.

పంపండి. ఒక్కటే షరతు. ఎన్నాళ్లు వెళ్లగలదో ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి, ఆరు నెలలంటే ఆరు నెలలు, ఏడాదంటే ఏడాది, అన్నాళ్లూ చెప్పిన రోజు చెప్పిన టైముకి అక్కడ ఉండాలి. అది కుదరదు అనిపిస్తే మొదలుపెట్టకపోవడమే ఆ పిల్లలకు మేలు. ఇంత కచ్చితంగా ఎందుకు చెప్తున్నానంటే, మాది విజయవాడ, పదో తరగతిలో ఉన్నప్పటి నుంచి డిగ్రీ అయ్యేదాకా ఊరి చివర రైలు పట్టాల పక్కన ఉన్న ఒక హోమ్‌కి వెళ్లేదాన్ని, ఇప్పుడు మా కాలనీలో టీనేజ్ పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికే వెళ్తున్నాను. హోమ్ పేరు మాత్రం రాయను, పిల్లల సంగతులు చెప్తున్నాను కాబట్టి.

ఇలాంటి చోట్లకి మనుషులు రాక కాదు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, పెద్దవాళ్ల వర్ధంతులు, ఆగస్టు 15, ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. కేకు తెస్తారు, బిర్యానీ పెట్టిస్తారు, పిల్లలు వరసగా నిలబడి ముక్కూ మొహం తెలియని వాళ్లకి హ్యాపీ బర్త్‌డే పాడతారు, ఫొటోలు తీసుకుంటారు, ‘మళ్లీ వస్తాం నాన్నా’ అని చెప్పి వెళ్లిపోతారు. వాళ్ల మనసు మంచిదే, ఆ భోజనం కూడా అవసరమే, కాదనను. కానీ ఆ ‘మళ్లీ వస్తాం’ అనే మాటను ఆ పిల్లలు ఎంతమంది నోట విన్నారో ఆలోచించండి. మా హోమ్‌లో రెండో తరగతి పాప ఒకతి, ఎవరు ఆ మాట అన్నా వెంటనే ‘ఏ ఆదివారం?’ అని అడిగేది. చాలామంది దగ్గర జవాబు ఉండేది కాదు.

మీ అమ్మాయి మొదటిరోజు వెళ్లగానే చిన్నపిల్లలు వచ్చి మీద పడిపోతారు, అక్కా అక్కా అని చెయ్యి వదలరు, ఒళ్లో ఎక్కి కూర్చుంటారు. ఎంత ప్రేమగా ఉన్నారో అని కరిగిపోయి ఇంటికి వస్తుంది. అది మంచి విషయమే అనుకుంటాం గానీ, పూర్తిగా కాదు. కొత్తవాళ్లని చూసి కాస్త జంకడం పసిపిల్లలకి సహజం, ఎవరు కనిపిస్తే వాళ్లని అతుక్కుపోవడం నిలకడగా ఒకే మనిషి దొరకని పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. రుమేనియాలోని బుకారెస్ట్‌లో 2000 సంవత్సరంలో మొదలుపెట్టి 136 మంది పసిపిల్లల మీద ఏళ్ల తరబడి పరిశీలన చేశారు. వాళ్లంతా అనాథాశ్రమాల్లో ఉన్నవాళ్లే. వాళ్లలో సగం మందిని పెంపక కుటుంబాలకు పంపారు, మిగతావాళ్ల విషయంలో మామూలుగా ఎలా జరగాలో అలా జరగనిచ్చారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లు, అందులోనూ రెండేళ్లు నిండకముందే వెళ్లినవాళ్లు, తెలివితేటల్లో, మనుషులతో కలవడంలో బాగా కోలుకున్నారు. అప్పటి రుమేనియా ఆశ్రమాలూ మన హోమ్‌లూ ఒకటి కాదు, కానీ పిల్లలకి ఏం కావాలన్నది ఎక్కడైనా ఒకటే కదా.

అందుకే ఒక మాట, ఆరేళ్లలోపు పిల్లలుండే శిశుగృహకి టీనేజ్ పిల్లల్ని పంపొద్దు. అక్కడి పసివాళ్లకి రోజూ అన్నం తినిపించే, నిద్రపుచ్చే ఆయమ్మ ఒక్కతే కావాలి, వారానికోసారి వచ్చి ఎత్తుకుని ముద్దుచేసి వెళ్లిపోయే అక్కలు కాదు. బడికి వెళ్లే పిల్లలున్న హోమ్ చూసుకోండి. వాళ్లకి మీ అమ్మాయి వయసు పిల్లలు నిజంగా ఉపయోగపడతారు, పెద్దవాళ్లకన్నా ఎక్కువగా.

ఎలాగో చెప్తాను. నా దగ్గర కూర్చునే నాలుగో తరగతి బాబు ఒకడు తెలుగు పాఠం గడగడా చదివేసేవాడు. వింటే ముచ్చటేసేది. ఒకరోజు వాక్యం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటి అంటే ఆగిపోయాడు, మళ్లీ మొదటి నుంచి అందుకుని అక్కడిదాకా వచ్చి అప్పుడు చెప్పాడు. పాఠం మొత్తం నోటికొచ్చు, అక్షరాలు రావు. గుణింతాలు సగం సగం, వత్తులు అసలే లేవు. అరవైమంది ఉన్న తరగతిలో అది ఎవరికి కనపడుతుంది? పక్కన కూర్చుని పుస్తకంలోకి తొంగిచూసే మనిషికే కనపడుతుంది. హోమ్‌లో ఉన్న పిల్లలకే ఇలా ఉంటుందని అనుకోకండి, పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే 2022 నివేదిక ప్రకారం మన దేశంలో పల్లెటూళ్లలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 42.8 శాతమే. తేడా ఏంటంటే ఇంట్లో ఉన్న పిల్లలకి కనీసం అమ్మో అక్కో పక్కన కూర్చునే అవకాశం ఉంటుంది.

వాడికి రైళ్లంటే పిచ్చి. పట్టాల పక్కనే హోమ్ కాబట్టి చప్పుడు విని ఏ బండో చెప్పేసేవాడు. సరే అని పలక మీద రైళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టాను. పినాకిని ముందు, దాంట్లో వత్తులు లేవు, గుడులు వచ్చేస్తాయి. తర్వాత శాతవాహన. ఆ తర్వాత రత్నాచల్, అక్కడ ‘త్న’ దగ్గర చాలాసేపు పోరాడాడు. కృష్ణా ఎక్స్‌ప్రెస్‌కి వచ్చేసరికి వట్రసుడి, ష కింద ణ వత్తు, ఆ తర్వాత ‘క్స్’, ఇన్ని ఒకేసారి. అది చదివిన రోజు హోమ్‌లో ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరికీ పలక పట్టుకెళ్లి చూపించాడు, వంటావిడతో సహా. దీనికి బీఈడీ అక్కర్లేదు, గుర్తుపెట్టుకుని వచ్చే ఆదివారం తర్వాతి రైలు పేరు రాసే మనిషి కావాలి. పోయినవారం ‘త్న’ దగ్గర ఆగాడన్న సంగతి తెలిసిన మనిషి. వారానికో కొత్త ముఖం వస్తే ప్రతిసారీ అ, ఆ నుంచే మొదలవుతుంది, అలా మొదలై మొదలై విసిగిపోయిన పిల్లల్ని కూడా చూశాను.

కాబట్టి మీ అమ్మాయి బృందం ఇరవైమందిని ముందు కూర్చోబెట్టుకుని టీచర్‌లాగా పాఠం చెప్పొద్దు. ఒక్కొక్కరికి ఇద్దరు, మహా అయితే ముగ్గురు పిల్లలు, ఎప్పుడూ వాళ్లే. తరగతిని బట్టి కాకుండా ఎవరికి ఎంత వచ్చో చూసి కూర్చోబెట్టాలి, పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ వాళ్లు దేశమంతా చేసేది ఇదే, ఐదో తరగతి పిల్లాడికి గుణింతాలు రాకపోతే గుణింతాల నుంచే. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఎవరితో ఎక్కడిదాకా వచ్చారో రాసుకోమనండి. గంట చదువు, అరగంట ఆట. ఆట మానొద్దు, క్యారమ్సో ఖోఖోనో అష్టాచెమ్మానో, సగం మాటలు అక్కడే బయటికొస్తాయి. రెండు గంటలు దాటనివ్వొద్దు, వారంలో మిగిలిన రోజులన్నీ చదువుకి అలాగే ఉంటాయి. చదువు దెబ్బతింటుందేమో అన్నారు కదా, నాకైతే తీసివేతలో పక్కవాడి దగ్గర అప్పు ఎందుకు తీసుకుంటామో ఎనిమిదేళ్ల పిల్లకి చెప్పాల్సి వచ్చినప్పుడే ఆ లెక్క సరిగ్గా అర్థమైంది.

ఇక వెళ్లేముందు మీరు పెద్దవాళ్లు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, ఇవి పిల్లలకి వదిలేసేవి కాదు. మొదటిసారి మీరే వెళ్లండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఇలాంటి ప్రతి హోమ్ రిజిస్టర్ అయి ఉండాలి, ప్రభుత్వ సాయం తీసుకున్నా తీసుకోకపోయినా సరే. ఆ రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి కొత్తగా చేయించుకోవాలి. ఆఫీసు గదిలో సర్టిఫికెట్ చూపించమని అడగండి, తప్పుగా అనుకోరు. అనుమానం ఉంటే మీ జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడిగితే చెప్తారు. మీ ఆధార్, తల్లిదండ్రుల అనుమతి పత్రం, స్కూల్ నుంచి లెటర్, ఏ టైము నుంచి ఏ టైము దాకా ఉంటారు, ఎవరు బాధ్యత అని వార్డెన్ సవాలక్ష అడిగితే చిరాకు పడకండి, ఆ హోమ్ బాగా నడుస్తోందన్నమాట. ఏమీ అడక్కుండా ఎవరు వచ్చినా లోపలికి పంపేసి పిల్లల్ని వదిలేసే చోటుకి మీ అమ్మాయిని పంపొద్దు.

చదువు చెప్పడం, ఆటలు అన్నీ అందరికీ కనపడే హాల్లోనో వరండాలోనో జరగాలి. ఏ పిల్లతోనూ, పిల్లాడితోనూ తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఇది రెండు వైపులా రక్షణ. పిల్లల్ని బయటికి తీసుకెళ్లకూడదు. ఎవరైనా పిల్లలు తమని కొడుతున్నారనో, ఎవరో చెడుగా తాకారనో చెప్తే ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వొద్దని మీ అమ్మాయికి ముందే చెప్పండి. అదే రోజు మీకు చెప్పాలి, మీరు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి, అది రోజంతా పనిచేస్తుంది, డబ్బులు పడవు.

ఫొటోల సంగతి గట్టిగా చెప్పండి, ఈ వయసు పిల్లలకి ఫోన్ చేతిలో ఉంటే ఆగదు. హోమ్‌లో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి వివరాలు బయటపెట్టడం ఆ జువెనైల్ జస్టిస్ చట్టంలోనే 74వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. వాట్సాప్ స్టేటస్ కూడా బయటపెట్టడమే. చట్టం పక్కనపెట్టినా, ఈ పిల్లలు రేపు మీ అమ్మాయి కాలేజీలోనే చేరొచ్చు, అప్పుడు వాళ్ల చిన్నప్పటి ఫొటో ఎవరి ఫోన్‌లోనో ‘సేవ’ అని ఉండటం వాళ్లకి ఎలా ఉంటుంది? మేమైతే ఫోన్‌లన్నీ ఆఫీసులో ఒక డబ్బాలో పెట్టేసి లోపలికి వెళ్తాం.

ఇంకోటి, మీ అమ్మానాన్నలకి ఏమైంది అని ఎవర్నీ అడగొద్దు. అనాథాశ్రమం అంటాం గానీ అక్కడున్న చాలామందికి అమ్మో నాన్నో ఉంటారు. భర్త పోయి కూలిపనికి వెళ్తూ పిల్లని చూసుకోలేక పెట్టిన తల్లులు ఉన్నారు, మా ఊరు పెద్ద జంక్షన్ కాబట్టి ఎక్కడో రైలెక్కి వచ్చేసిన పిల్లలూ ఉంటారు. వాళ్లకై వాళ్లు చెప్తే వినాలి, అంతే. ఒక్కరికే చాక్లెట్లు, బొమ్మలు తీసుకెళ్లడం కూడా వద్దు, ఏదైనా ఇవ్వాలనిపిస్తే వార్డెన్‌కి ఇవ్వండి, అందరికీ వచ్చేలా ఇస్తారు. కథల పుస్తకాలైతే ఇంకా మంచిది, హాల్లో ఒక షెల్ఫ్‌లో ఉంటాయి.

కొన్ని వారాలయ్యాక మీ అమ్మాయి ఒక సాయంత్రం ఏడుస్తూ ఇంటికి వస్తుంది. అమ్మా, ఆ పాపని మన ఇంటికి తెచ్చేసుకుందాం అంటుంది. దాదాపు అందరూ అంటారు, మా కాలనీ పిల్లల ఇళ్లలోనూ జరిగింది. కోప్పడకండి, సర్లే చూద్దాం అని మాట దాటేయకండి కూడా. దత్తత అంటే కారా అనే కేంద్ర సంస్థ ద్వారానే జరగాలని, మనకి నచ్చిన పిల్లని ఎంచుకుని తెచ్చుకోవడం ఉండదని, ఆ పాపకి తల్లి ఉంటే ఆ తల్లి దగ్గరికి చేర్చడమే అన్నిటికన్నా ముందు చూడాల్సిందని నిజం చెప్పండి. మిషన్ వాత్సల్య పథకంలో భర్త పోయిన తల్లులు, అలాంటి కుటుంబాలు పిల్లల్ని ఇంట్లోనే ఉంచుకుని చదివించుకోవడానికి నెలకి నాలుగు వేలు ఇచ్చే స్పాన్సర్‌షిప్ ఉంది. చాలామంది తల్లులకి ఇది తెలియదు. మీ వీధిలో, మీ ఇంట్లో పనిచేసేవాళ్లలో ఎవరైనా అలా పిల్లని హోమ్‌లో పెట్టే ఆలోచనలో ఉంటే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి దారి చూపించండి. మీ అమ్మాయి వల్ల మీకు ఈ సంగతి తెలిసి ఒక్క పిల్ల ఇంట్లోనే ఉండిపోయినా, నా దృష్టిలో ఆదివారాలన్నిటికన్నా అదే పెద్దది.

చివరగా మానేయడం గురించి. మన దగ్గర ఇది తప్పదు, పదో తరగతిలో మార్చి పరీక్షలు, తర్వాత ఇంటర్‌లో చేరితే ఆదివారాలు కూడా టెస్టులు, హాస్టల్ అయితే ఇంక చెప్పక్కర్లేదు. నేను ఇంటర్‌లో నెలకోసారే వెళ్లగలిగాను, ఆ సంగతి ముందే పిల్లలకి చెప్పి వాళ్ల గోడ క్యాలెండర్‌లో నేను వచ్చే రోజుల చుట్టూ గుండ్రంగా గీసి పెట్టాను, చెప్పకుండా సగం సగం రావడం కన్నా అది వాళ్లకి నయంగా ఉండింది. పరీక్షలకి విరామం తీసుకుంటే ‘పరీక్షలయ్యాక వస్తా’ అనకుండా ఏప్రిల్‌లో ఫలానా ఆదివారం అని తేదీ చెప్పమనండి. పూర్తిగా మానేసేటప్పుడు కనీసం నెల ముందే చెప్పాలి. పిల్లలు అలుగుతారు, కొందరు ఆ నెలంతా దగ్గరికే రారు, అయినా వెళ్లాలి. తన స్థానంలో కింది తరగతి పిల్లని ఎవరినైనా వెతికి, చివరి రెండు మూడు వారాలు వెంట తీసుకెళ్లి ఆ ఇద్దరు పిల్లల పక్కన కూర్చోబెట్టి, నోట్‌బుక్ ఆ పిల్ల చేతికి ఇచ్చి, అప్పుడు మానేయమనండి.