కష్టం ఎంత, లెక్క ఎంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో స్కాలర్‌షిప్ వ్యాసాల గురించినవే ఎక్కువ. బెంగళూరు నుంచి వచ్చిన నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరులో పీజీ హాస్టల్లో ఉంటూ బీకాం ఆఖరి ఏడాది చదువుతున్నాను. నాన్న పోయి మూడేళ్లయింది. అమ్మ జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతోంది. 'మీకు ఎదురైన కష్టాన్ని ఎలా దాటారు?' అన్న ప్రశ్నకు 500 మాటల్లో జవాబు రాయాలి. నేను రాసింది చదివి నా రూమ్మేట్ ఏడ్చేసింది. ఇక పంపేయవచ్చా? వ్యాసం జతచేశాను.
– పేరు వద్దన్న పాఠకురాలు, బీటీఎం లేఅవుట్

జవాబు: ఇప్పుడే పంపకండి. రూమ్మేట్‌కు మీరు తెలుసు, అందుకే ఏడ్చింది. ఎంపిక చేసేవాళ్లు ఇలాంటివి కట్టలు కట్టలుగా చదువుతారు. అప్పులు, ఇంటిపెద్ద పోవడం, పొలం అమ్ముకోవడం వాళ్లకు కొత్తేమీ కాదు. అంత ఇబ్బందిలో మీరు ఏం చేశారన్నదే వాళ్లు వెతుకుతారు. ఒక పెన్సిల్ తీసుకోండి. మీకు జరిగింది చెప్పే వాక్యాల కింద గీత గీయండి, మీరు చేసింది చెప్పే వాక్యాలకు సున్నా చుట్టండి. మేం అలా చేసి చూస్తే 31 వాక్యాల్లో నాలుగింటికే సున్నా పడింది. కష్టం చెప్పడానికి 100, 120 మాటలు దాటనివ్వకండి.

అసలు సరుకు మీ చివరి పేరాలో నలిగిపోయింది. 'అప్పులన్నీ నోటుబుక్కులో రాసుకుని, మూడు రూపాయల వడ్డీవి ముందు తీర్చేశాం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. వ్యాసం మొదలవ్వాల్సింది అక్కడే. బాకీ ఎంతమందికి? ఎవరిది ముందు, ఎవరిది తర్వాత అని ఎలా తేల్చారు? అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి ఆ డబ్బుతో ఆ వడ్డీ అప్పులు తీర్చేద్దామన్నది మీరేనా? అమ్మ వెంటనే ఒప్పుకున్నారా? బ్యాంకు బంగారు రుణానికి వడ్డీ అందులో సగం కూడా ఉండదని 17 ఏళ్ల పిల్ల లెక్కవేసిందంటే, మీకు డబ్బు ఇస్తే ఏం చేస్తారో చదివేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అన్నట్టు, మూడు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు మూడు, ఏడాదికి 36 శాతం అని విడమరచి రాయండి. బయటిదేశం వాళ్లకు అది మూడు రూపాయలే అనిపిస్తుంది, మీరు చేసిన పని వాళ్లకు అర్థమే కాదు.

ఇంకో రెండు విషయాలు. బాబాయి పొలం కాజేశాడని రాశారు. అది మీ ఒక్కరి సంగతి కాదు, అమ్మను అడగకుండా ఉంచకండి. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగితే గొంతు పూడుకోకుండా చెప్పగలరా అన్నది కూడా చూసుకోండి. చెప్పలేకపోతే తీసేయండి, వ్యాసానికి లోటేమీ రాదు. ఇక అమ్మ నెల సంపాదన అని మీరు రాసిన అంకెను 12తో గుణిస్తే తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం కన్నా చాలా ఎక్కువ వస్తోంది. రెండూ ఒకే ఫైల్లో ఉంటాయి. కష్టం నిజమైనా, లెక్క కలవకపోతే అనుమానం అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: ఐటీ ఉద్యోగిని. రెండేళ్లుగా శని, ఆదివారాల్లో మా అపార్టుమెంటు దగ్గరి సైట్లలో భవన కార్మికుల పిల్లలకు ఉచితంగా పాఠాలు చెబుతున్నాం. స్కాలర్‌షిప్ వ్యాసంలో దీన్ని సోషల్ ఎంటర్‌ప్రైజ్ అని రాయవచ్చా? బిల్డింగ్ పూర్తయితే కుటుంబాలు వెళ్లిపోతాయి. 30 మందిలో ఏడాది చివరికి 11 మందే మిగిలారు. ఇది రాస్తే ఓడిపోయినట్టు కనిపించదా?
– పాఠకుడు, మారతహళ్లి

జవాబు: మీది సేవ, మంచి సేవ. సోషల్ ఎంటర్‌ప్రైజ్, అంటే మేలు చేస్తూనే తన ఖర్చుకు డబ్బు తానే తెచ్చుకునే సంస్థ, మాత్రం కాదు. తేడా ఒక్క ప్రశ్నలో తేలుతుంది: రేపు మీకు అమెరికా బదిలీ అయితే ఎల్లుండి పాఠం ఎవరు చెబుతారు, వాళ్లకు జీతం ఎవరిస్తారు? 1976లో మదురైలో 11 పడకలతో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రిలో డబ్బు కట్టే రోగుల ఫీజులే కట్టలేనివాళ్ల ఆపరేషన్లను మోస్తాయి. 1995లో మీ బెంగళూరులోనే మొదలైన సెల్కో అనే సంస్థ సోలార్ దీపాలను ఊరికే పంచలేదు. పేదలు బ్యాంకు అప్పుతో కొనుక్కునేలా, వాళ్ల రాబడికి తగ్గట్టు వాయిదాలు కట్టుకునేలా ఏర్పాటు చేసింది. రెండుచోట్లా డబ్బు వచ్చే దారి ఉంది.

(బంగ్లాదేశ్‌లో పేదలకు చిన్న అప్పులిచ్చిన యూనస్‌గారి గ్రామీణ్ బ్యాంకుతో వ్యాసం మొదలుపెట్టకండి. వాళ్లకు 2006లో నోబెల్ వచ్చిన సంగతి చదివేవాళ్లకు తెలుసు. మీ సంగతే తెలియదు.)

30 నుంచి 11కి పడిన అంకెను దాచకండి, మీ ఉత్తరంలో దానికన్నా విలువైనది లేదు. 'వందలాది పిల్లల జీవితాల్లో వెలుగు నింపాం' అని రాసేవాళ్లు కుప్పలు. పిల్లలు ఎందుకు తగ్గారో, ఆ 19 మంది ఎక్కడికి వెళ్లారో రాసేవాళ్లు అరుదు. వాళ్లలో ఎంతమంది కొత్తచోట బడిలో చేరారో ఫోన్ చేసి కనుక్కోండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని గాని, టీసీ ఆలస్యమైందని గాని బడిలో చేర్చుకోకపోవడం కుదరదు. ఎంతమంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలుసు? శనివారం లెక్కల పాఠం కన్నా సైటు మారే రోజున ఈ సంగతి రాసిన కాగితం వాళ్ల చేతిలో పెట్టడమే పెద్ద సాయం కావచ్చు. పని చేశాకే తెలిసే ఇలాంటి విషయం వ్యాసానికి ప్రాణం.

ఇక డబ్బు దారి. నిర్మాణ వ్యయం మీద సెస్ (ప్రత్యేక పన్ను) వసూలుచేసి కార్మికుల సంక్షేమానికి ఖర్చుపెట్టే ఏర్పాటు చట్టంలో 1996 నుంచే ఉంది. భవన కార్మికుల సంక్షేమ బోర్డులో తల్లిదండ్రుల పేరుంటే పిల్లల చదువుకు సాయం అడగవచ్చు. పేరు నమోదుకు గడిచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసినట్టు రుజువు కావాలి, సైట్లు మారేవాళ్లకు చిక్కంతా అక్కడే. ఆ నమోదు పని చేసిపెట్టే మనిషికి నెలకెంత, ఒక్కో కుటుంబానికి ఖర్చెంత, అందులో బిల్డరు ఎంత భరిస్తాడు అని మూడు వరుసల లెక్క వేయండి. ముందు ఒక్క సైటులో ప్రయత్నిస్తానని రాయండి. 'దేశమంతా విస్తరిస్తాను' అన్న వాక్యం మాత్రం కొట్టేయండి.

ప్రశ్న: చీవెనింగ్‌కూ, ఆక్స్‌ఫర్డ్ ఎంబీఏ వారి స్కోల్ స్కాలర్‌షిప్‌కూ ఒకే వ్యాసం పంపవచ్చా?
– పాఠకురాలు, ఇందిరానగర్

జవాబు: కుదరదు. చీవెనింగ్ బ్రిటన్ ప్రభుత్వానిది. 2,800 గంటల ఉద్యోగానుభవం ఉండాలి, చదువయ్యాక స్వదేశానికి తిరిగొచ్చి రెండేళ్లు ఉండాలి. అందుకే అక్కడ తిరిగొచ్చాక ఏ ఊళ్లో, ఎలాంటి సంస్థలో, ఏ పని చేస్తారో స్పష్టంగా ఉండాలి. స్కోల్ వాళ్లు సామాజిక వ్యాపారంలో ఇప్పటికే దిగినవాళ్ల కోసం చూస్తారు. చేయబోయేదాని కన్నా చేసినదానికి బరువెక్కువ. సంఘటన ఒకటే అయినా ఫర్వాలేదు, దాన్ని తిప్పే వైపు మారాలి.

ప్రశ్న: చాట్‌జీపీటీతో రాయిస్తే తప్పా?
– పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: దరఖాస్తు నిబంధనల్లో దాని గురించి ఏం రాశారో ముందు చూడండి, వద్దంటే వద్దు. ఒప్పుకున్నచోట కూడా స్పెల్లింగులు, వ్యాకరణం వరకే వాడండి. పూర్తిగా దాని చేతికిస్తే, మొదటి ఉత్తరంలోని నోటుబుక్కూ, గాజులూ లాంటివి ఎగిరిపోయి 'ఆర్థిక ఇబ్బందులను ధైర్యంగా ఎదుర్కొన్నాను' అని మిగులుతుంది. ముందు తెలుగులోనే నోటికొచ్చినట్టు ఫోన్లో రికార్డు చేసుకోండి. అది వింటూ ఇంగ్లిషులో మీరే రాయండి. ఆఖరున వ్యాసాన్ని ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టెలో అతికించి మాటల లెక్క చూసుకోండి, ఎంఎస్ వర్డ్ చూపించే అంకెతో అది అన్నిసార్లూ కలవదు.