మొక్కలు నాటడం కాకుండా తెలంగాణ ప్రభుత్వం అడవుల కోసం ఇంకేం చేస్తుంది?

మొక్కలు నాటే హరితహారం గురించి తప్ప ఎక్కడా వినలేదు, అసలు అడవిని కాపాడే పని ఎలా జరుగుతుంది అని అడిగారు. మాది భూపాలపల్లి వైపు అడవి అంచు ఊరు. మా నాన్న వన సంరక్షణ సమితిలో, అంటే అటవీ శాఖతో కలిసి అడవిని కాపాడే ఊరివాళ్ల సంఘంలో, పనిచేశారు. అక్కడ చూసిందే చెబుతాను.

అడవిని డివిజన్, రేంజ్, సెక్షన్, బీట్ అని విడగొడతారు. బీట్‌కు ఒక బీట్ ఆఫీసర్. ఏ కంపార్ట్‌మెంట్‌లో (అడవిలో హద్దులు గీసి నంబరు ఇచ్చిన ముక్క) ఎప్పుడేం చేయాలో వర్కింగ్ ప్లాన్‌లో రాసి ఉంటుంది, దానికి కేంద్రం ఆమోదం కావాలి. గనికో రోడ్డుకో అడవి భూమి ఇవ్వాలన్నా 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రాన్ని అడగాల్సిందే.

నా దృష్టిలో అసలు పరీక్ష ఎండాకాలం. ఫిబ్రవరికల్లా టేకాకు రాలి, నడిస్తే కాలు కూరుకుపోయేంత మందంగా పరుచుకుంటుంది. అంతకుముందే ఫైర్ లైన్లు తీయాలి. అంటే దారుల వెంట, కంపార్ట్‌మెంట్ల మధ్య ఆకూ గడ్డీ ఊడ్చి, దగ్గరుండి కాల్చేసి, ఖాళీ పట్టీ వదలడం. మంట అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. ఊళ్ల నుంచే ఫైర్ వాచర్లను పెట్టుకుంటారు. ఇప్పుడు ఉపగ్రహం మంటను పసిగడితే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. మంచిదే. కానీ అక్కడిదాకా నడిచి, పచ్చి కొమ్మలతో బాది ఆర్పేది మనుషులే.

మంటలు చాలావరకు మనుషులు పెట్టేవే. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది, ఎండుటాకుల్లో సరిగా కనపడదు. అందుకని చెట్టు కింద ఆకు కాలుస్తారు. ఆర్పకుండా వెళ్తే, గాలి లేచిందంటే గుట్ట మొత్తం అంటుకుంటుంది. బీడీలు చుట్టే ఆకు ఇచ్చే తునికి చెట్లకు లేతాకు రావాలనీ కొందరు నిప్పు పెడతారు. దానికి బదులు అటవీ శాఖే ఫిబ్రవరి, మార్చిలో కూలి ఇచ్చి తునికి కొమ్మలు కొట్టిస్తుంది. నెలన్నరకు మెత్తటి ఆకు వస్తుంది. దాన్ని కోసి, 50 ఆకులకో కట్ట కట్టి, కల్లంలో ఆరబెడతారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. 1971 చట్టంతో ఈ వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. కోసినవాళ్లకు కూలితో పాటు తర్వాత బోనస్ కూడా రావాలి.

బోనస్ చేతికందిన ఏడాది, పొగ కనపడితే ఎవరూ పిలవకుండానే మా ఊరివాళ్లు పరిగెత్తేవాళ్లు. లెక్కలు తేలక డబ్బు ఆగిన ఏడాది ఆ ఉత్సాహం ఉండేది కాదు. వాళ్లనెలా తప్పుపడతాం? 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద అక్కడ తరతరాలుగా బతికేవాళ్లకు హక్కు ఇచ్చింది. ఆ హక్కుల పట్టాలు, పోడు తగాదాలు త్వరగా తేలితే బీట్ ఆఫీసర్ పని సగం తేలికవుతుంది. గొడవ నడుస్తున్న చోట ఆయన ఒంటరివాడే.

నాటడం గురించి కూడా ఒక మాట. 2015లో మొదలైన హరితహారం పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచాలని పెట్టుకున్న కార్యక్రమం. రోడ్ల పక్కన, ఊళ్లలో అది అవసరమే. అడవి లోపల మాత్రం నిప్పూ పశువులూ కొన్నేళ్లు రాకుండా చూస్తే చాలు, కొట్టేసిన టేకు మోళ్లు వాటంతటవే చిగురిస్తాయి. ఖర్చూ తక్కువ.

మీ దగ్గర అడవిని ఎలా చూసుకుంటున్నారో తెలియాలంటే ఫిబ్రవరిలో రేంజ్ ఆఫీసుకు వెళ్లి రెండే అడగండి: ఫైర్ లైన్లు పూర్తయ్యాయా, వాచర్లకు జీతాలు అందుతున్నాయా.