ఇంటికి వచ్చే అక్కర్లేని ప్రకటనల ఉత్తరాలను తగ్గించుకోవడం ఎలా?

మా నాన్న పోయి మూడేళ్లయినా ఆయనకు క్రెడిట్ కార్డులు మంజూరవుతూనే ఉండేవి. కవరు మీద పెద్ద అక్షరాలతో అభినందనలు. అమ్మ వాటిని చింపేది కాదు, పారేసేదీ కాదు. పేరున్న వైపు పైకి పెట్టి టీవీ పక్కన దొంతరగా పేర్చేది.

ఓ ఆదివారం ఆ దొంతర తీసేద్దామని కూర్చున్నా. ఒక్కొక్కటీ తిప్పుతుంటే కంట్లో పడింది, నాన్న పేరు చివర ఒక అక్షరం ఎక్కువుంది. ఒక కవరు మీద కాదు, ఆరింటి మీద. కార్డుల వాళ్లు, బీమా వాళ్లు, వినికిడి మిషన్ల వాళ్లు, ఒకరితో ఒకరికి సంబంధం లేని కంపెనీలు. అందరూ అదే తప్పు ఎలా రాస్తారు? పరీక్షలో కాపీ కొట్టినవాళ్లు దొరికేది ఇలాగే. ఇక అసలు పేపరు ఎవరిదో తేలాలి. అటక మీద వెతికితే నాన్న ఎప్పుడో చందా కట్టిన ఒక పత్రిక పాత సంచిక దొరికింది. అడ్రసు చీటీ మీద అదే తోక!

ఆ పత్రిక ఆఫీసుకు ఫోన్ చేశా. "మేం ఎవరి అడ్రసూ ఎవరికీ ఇవ్వమండీ" అన్నాడు ఆ అబ్బాయి. "సరే నాయనా, మరి మీరు చేసిన అచ్చుతప్పు ఆరు కంపెనీలకు ఎలా పాకింది?" అన్నా. కాసేపు చప్పుడు లేదు. తర్వాత "లిస్టులోంచి తీసేస్తాం మేడమ్" అన్నాడు. మిగతా ఆరుగురికీ విడివిడిగా రాశా: ఈ మనిషి లేరు, పేరు తీసేయండి, ఇంకెవరికీ ఇవ్వకండి అని. వెంటనే ఆగలేదు. కవర్లు వారాల ముందే అచ్చయి ఉంటాయి కదా, రెండు మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత దాదాపు ఆగిపోయాయి.

కాబట్టి నా మాట ఒక్కటే. చెత్త ఎక్కడ పడుతోందో కాదు, మీ పేరు ఎక్కడ లీకైందో చూడండి. అడ్రసుల లిస్టులు అద్దెకిచ్చుకోవడం పెద్ద వ్యాపారం. ఒకసారికని తీసుకుని మళ్లీ మళ్లీ వాడేసేవాళ్లను పట్టుకోవడానికి లిస్టు సొంతదారులే మధ్యలో తమకు చేరే అడ్రసుతో ఒకటి రెండు ఉత్తుత్తి పేర్లు కలుపుతారు. వాళ్ల కిటుకే నేనూ పట్టుకున్నా. ఏ ఫారం నింపినా ఇనీషియల్ కొంచెం మారుస్తా, ఎక్కడ ఏది రాశానో డైరీలో పెట్టుకుంటా. బ్యాంకు, ప్రభుత్వం కాగితాల మీద మాత్రం ఈ తెలివి చూపించకండి.

వారంటీ కార్డుల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇస్త్రీపెట్టె కొంటే ఇంట్లో ఎంతమంది, నెల ఆదాయం ఎంత, సరదాలేమిటి అని అడుగుతారు. ఇస్త్రీపెట్టె కాలిపోవడానికీ నా సరదాలకూ ఏం సంబంధం? నేను బిల్లు దాచుకుంటా, ఆ ప్రశ్నలు ఖాళీగా వదిలేస్తా. రిపేరుకు ఎవరూ కాదనలేదు.

ఉత్తరాల డబ్బా మీద "ప్రకటనలు వద్దు" అని స్టిక్కరు వేయమంటారు చాలామంది. అది పేరులేని కరపత్రాలకే పనిచేస్తుంది, అదీ వెనక రూలు ఉన్నచోట. జర్మనీలో అలాంటి స్టిక్కరును పట్టించుకోవాల్సిందేనని అక్కడి అత్యున్నత సివిల్ కోర్టు 1988లోనే తేల్చింది. ఆమ్‌స్టర్‌డామ్ 2018 నుంచి ఇంకా తెలివైన పని చేసింది: కావాలి అని స్టిక్కరు వేసుకున్న ఇంటికే కరపత్రం వేయాలి. అన్నిచోట్లా అలాగే ఉండాలంటాను. నాకు అక్కర్లేదని నేనెందుకు చెప్పుకుంటూ తిరగాలి, కావాల్సినవాళ్లు చెబుతారు. పేరుతో వచ్చే ఉత్తరాన్ని మాత్రం ఏ స్టిక్కరూ ఆపదు. పోస్ట్‌మన్‌కు అది కూడా మామూలు ఉత్తరమే, ఆయన మీద విసుక్కోకండి.

మా తమ్ముడిదో సలహా ఉంది, కంపెనీలు ముందే స్టాంపు ఖర్చు కట్టి పంపే జవాబు కవర్లలో వాళ్ల చెత్త వాళ్లకే పంపాలట. వాడికి తృప్తి, అంతే. ఆ కవరు విప్పేవాడికి లిస్టుతో పనేముంటుంది? పేరు అలాగే ఉంటుంది.

ఇప్పుడు మా డబ్బాలో వారానికి ఒకటో రెండో. మొన్న ఒకటి మా ఆయన ముద్దుపేరు మీద వచ్చింది. ఆ పేరుతో ఆయన్ను పిలిచేది వాళ్లమ్మ ఒక్కరే. అంటే ఎక్కడో లక్కీ డ్రా కూపన్ నింపి, నా కిటుకే వాడాననుకుని ఉంటారు. డైరీలో మాత్రం రాయలేదు.