సెట్‌టాప్ బాక్సు ప్రోగ్రాములు డీవీఆర్‌లో రికార్డు చేయాలంటే హెచ్‌డీఎంఐ వద్దు, పసుపు వైరు పెట్టండి

మీరు అడిగింది ఇదే కదండీ: విశాఖ పెద్ద వాల్తేరులో ఇల్లు, సీసీ కెమెరాల డీవీఆర్‌లో (కెమెరాల బొమ్మని రికార్డు చేసే పెట్టెలో) ఒక ఛానెల్ ఖాళీగా ఉంది, డిష్ సెట్‌టాప్ బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ వైరు తెచ్చి డీవీఆర్‌కి పెడితే ఏమీ రావట్లేదు, అమ్మగారి కోసం సాయంత్రం ప్రోగ్రాములు రికార్డు చేయాలి. మేం స్టీల్ ప్లాంటు వాళ్ల ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు మాకూ ఇదే అవసరం పడింది. నాన్నగారికి ప్లాంటులో బి షిఫ్టు పడితే రాత్రి పది దాటాకే ఇంటికి వచ్చేవారు, తిరుమల దేవస్థానం ఛానెల్ ఎస్వీబీసీలో బ్రహ్మోత్సవాలప్పుడు సాయంత్రం వచ్చే గరుడ సేవ ఆయన చూడలేకపోతున్నారని అమ్మ బాధపడేది. అందుకోసం కూర్చుని నేర్చుకున్నదే ఇది.

ముందు హెచ్‌డీఎంఐ సంగతి. సీసీ డీవీఆర్ వెనక ఉండే హెచ్‌డీఎంఐ రంధ్రం బొమ్మని టీవీకి పంపేదే కానీ లోపలికి తీసుకునేది కాదు. సెట్‌టాప్ బాక్సుదీ అంతే. అంటే మీరు రెండు కొళాయిలకి ఒకే పైపు తగిలించారన్నమాట, నీళ్లు ఎటూ వెళ్లవు. మాకు వైరు అమ్మిన షాపతను కూడా హెచ్‌డీఎంఐ అయితే క్లారిటీ బాగుంటుందని చెప్పి ఇచ్చాడు, రెండు రోజులు దాంతోనే గడిచిపోయాయి. హెచ్‌డీఎంఐ లోపలికి తీసుకునే రికార్డర్లు వేరే ఉంటాయి కానీ, బాక్సు హెచ్‌డీఎంఐ మీద హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ ఉంటుంది, దానివల్ల చాలా ఛానెళ్లకి రికార్డర్‌లో నల్ల తెరే కనిపిస్తుంది. అందుకని ఇంకా డబ్బు ఖర్చు పెట్టి అలాంటిది కొనకండి.

పని చేసేది ఏవీ అవుట్, అంటే బొమ్మనీ శబ్దాన్నీ బయటికి పంపే పాత రకం రంధ్రాలు. బాక్సు వెనక పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలు ఉంటే సరే, లేకపోతే ఏవీ అని రాసి ఉన్న 3.5 ఎంఎం రంధ్రం ఉంటుంది, దానికి మూడు రంగుల పిన్నులున్న కేబుల్ వస్తుంది. పసుపుది వీడియో. దాన్ని డీవీఆర్ బీఎన్‌సీ రంధ్రానికి, అంటే కెమెరా వైర్లు తగిలించే గుండ్రటి రంధ్రానికి, కలపడానికి ఆర్‌సీఏ (ఈ రంగుల పిన్నుల రకం) నుంచి బీఎన్‌సీకి మార్చే చిన్న పిన్ను కావాలి, డాబాగార్డెన్స్‌లో సీసీ కెమెరాల సామాను అమ్మే షాపులో అడగండి, ఖరీదైన వస్తువేం కాదు. తెలుపు పిన్ను డీవీఆర్ ఆడియో ఇన్‌కి. ఎరుపు ఖాళీగా వదిలేయొచ్చు.

ఈ 3.5 ఎంఎం కేబుల్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. చూడడానికి అన్నీ ఒకేలా ఉంటాయి కానీ లోపల వైర్ల వరుస కంపెనీని బట్టి మారుతుంది. పసుపు పెట్టినా బొమ్మ రాకపోతే ఎరుపు పెట్టి చూడండి, వరుస మారిన కేబుల్ అయితే అక్కడ వస్తుంది. గ్రౌండు, అంటే మూడింటికీ ఉమ్మడిగా ఉండే వైరు, దాని చోటే మారిపోయిన కేబుల్ అయితే మాత్రం ఎటు మార్చినా రాదు, మీ బాక్సుతో వచ్చిన కేబులే వెతకాలి.

తర్వాత డీవీఆర్ మెనూ. వీడియో స్టాండర్డ్ మన దేశపు పద్ధతి అయిన పాల్‌లో ఉండాలి, వేరే దేశాల పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో ఉంటే బొమ్మ దొర్లడమో రంగులు పోవడమో జరుగుతుంది. ఆ ఛానెల్‌ని పాత ఆనలాగ్ కెమెరా రకానికి, అంటే సీవీబీఎస్‌కి, లేదా ఆటోకి పెట్టండి. రికార్డింగ్ మోషన్ (ఏదైనా కదిలితేనే రికార్డయ్యేది) మీద కాకుండా కంటిన్యువస్‌లో ఉండాలి. స్ట్రీమ్ టైపులో వీడియో మాత్రమే ఉంటే వీడియోతో పాటు ఆడియో అని మార్చండి. మేం మొదటిసారి ఇది చూసుకోలేదు, మూడు గంటలు మంత్రాలూ లేవు, వ్యాఖ్యానమూ లేదు, ఉత్త బొమ్మ.

డీవీఆర్ తనంతట తాను ఛానెల్ మార్చలేదు, ఆ టైముకి బాక్సులో ఏది ఆడుతుంటే అదే ఎక్కుతుంది. కాబట్టి బాక్సులోనే రిమైండర్ పెట్టుకోండి, కొన్ని గంటలు రిమోట్ ముట్టుకోకపోతే స్టాండ్‌బైలోకి వెళ్లే సెట్టింగ్ ఉంటే తీసేయండి. మా బాక్సులో హెచ్‌డీఎంఐ, ఏవీ రెండూ ఒకేసారి పని చేసేవి, టీవీ వైరు కదపనక్కర్లేదు.

అన్నింటికన్నా ముఖ్యం ఇది, దయచేసి మర్చిపోకండి. సీసీ డీవీఆర్ హార్డ్ డిస్కు నిండితే పాతవాటిని చెరిపేసి వాటి మీదే కొత్తవి రాస్తుంది. ఆ ఏడు గరుడ సేవ చక్కగా రికార్డయింది, నాన్నగారు రెండుసార్లు చూశారు, డిస్కులో ఉంది కదా అని వదిలేశాం. సంక్రాంతికి మా అత్తయ్య వస్తే చూపిద్దామని తెరిస్తే మెట్ల దగ్గర కెమెరా రికార్డింగే ఉంది, గరుడ సేవ లేదు. అమ్మ మొహం చూసి నాకు చాలా కష్టమనిపించింది. అప్పటినుంచి రికార్డయిన మర్నాడే బ్యాకప్ మెనూలోంచి పెన్ డ్రైవ్‌లోకి తీసేస్తున్నాం. బిట్ రేటు, అంటే సెకనుకి ఎంత డేటా రాయాలన్నది, 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్లు) పెడితే గంటకి దాదాపు 900 ఎంబీ అవుతుంది, నాలుగు గంటలైనా 8 జీబీ పెన్ డ్రైవ్‌లో పడుతుంది. ఎంపీ4 అనే ఆప్షన్ ఉంటే అదే ఎంచుకోండి, ఎక్కడైనా ఆడుతుంది.

మీ ప్రశ్న కింద ఒకాయన డిష్ నుంచి వచ్చే కేబుల్‌నే నేరుగా డీవీఆర్‌కి ఇవ్వమన్నారు. అలా చేయకండి. అందులో వచ్చేది బొమ్మ కాదు, 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉండే ఉపగ్రహ సిగ్నల్, దాన్ని సెట్‌టాప్ బాక్సు డీకోడ్ చేస్తేనే బొమ్మవుతుంది.

క్లారిటీ మాత్రం పాత టీవీల రోజుల్లో చూసినంతే, పాల్ అంటే 576 గీతలు కదా, పెద్ద టీవీలో కాస్త మసగ్గా ఉంటుంది. మా నాన్నగారికి అది అడ్డు కాలేదు. క్లారిటీ కావాలంటే మీ డీటీహెచ్ కంపెనీ ఇచ్చే రికార్డింగ్ బాక్సు తీసుకోవచ్చు, కానీ అందులో చేసినవి సాధారణంగా ఆ బాక్సులో తప్ప బయట ఆడవు, దాచుకోవాలనుకునేవాళ్లకి పనికిరాదు.

ఇంకోటి, బ్రహ్మోత్సవాలు సెప్టెంబర్, అక్టోబర్‌లలో వస్తాయి, మనకి బంగాళాఖాతంలో వాయుగుండాలు మొదలయ్యేదీ అప్పుడే. గట్టి వానకి సిగ్నల్ పోవడం ఎవరూ ఆపలేరు కానీ, ఇంత సముద్రం పక్కన ఉన్నారు కాబట్టి ఉప్పు గాలికి డిష్ దగ్గర కనెక్టర్ తుప్పు పట్టిందేమో ముందే చూసుకోండి. తుప్పు పట్టినదైతే చిన్న వానకే పోతుంది. కొత్త కనెక్టర్ వేయించి, మీద రబ్బరు టేపు చుట్టించండి.

ఇవన్నీ చేసినా బొమ్మ రాకపోతే బాక్సుదీ డీవీఆర్‌దీ వెనకవైపు ఫోటోలు పెట్టండి, ఏది ఎక్కడ పెట్టాలో చూసి చెప్తాను.